హాస్టల్ గేటు దగ్గర ఆగిపోతున్న లెక్క

వీకెండ్ టెస్టులో ఏ కుర్రాడికి ఏ చాప్టర్‌లో మార్కులు పోయాయో సోమవారం పొద్దున్నకల్లా చెప్పేసే జూనియర్ కాలేజీలు మన పట్నాల్లో వీధికొకటి ఉన్నాయి. అదే కుర్రాడు ఆ వారమంతా ఎన్ని గంటలు నిద్రపోయాడో, ఎన్ని పూటలు అన్నం వదిలేశాడో అడగండి. నీళ్లు నములుతారు.

మన దగ్గర సర్వేలు లేక కాదు. 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్లు తెలంగాణలో దాదాపు 65 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 60 శాతం అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. భయపెట్టే అంకెలే. అయితే అది ఇంటింటికీ తిరిగి చేసే సర్వే. ఇంటర్ కోసం ఊరు వదిలి విజయవాడలోనో హైదరాబాద్‌లోనో హాస్టల్లో ఉంటున్న అమ్మాయి అందులోకి రాదు. పిల్ల ఇంట్లో లేదు, హాస్టలేమో ‘ఇల్లు’ కాదు. 13-17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి మానసిక సమస్యలున్నాయని లెక్కగట్టిన, బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వారి 2015-16 సర్వే సంగతి ఇంకా విచిత్రం. దాన్ని 12 రాష్ట్రాల్లో చేశారు. ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు.

2022లో ఎన్‌సీఈఆర్‌టీ దేశవ్యాప్తంగా దాదాపు 3.79 లక్షల మంది విద్యార్థులను పలకరిస్తే, 81 శాతం మంది చదువు, పరీక్షలు, ఫలితాలే తమ టెన్షన్‌కు కారణమన్నారు. పేరు రాయాలా వద్దా అన్నది అందులో పిల్లల ఇష్టానికే వదిలేశారు. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, జవాబుల్లో నిజమెంత అన్నది తేలేది అక్కడే. మన క్లాసురూముల్లో ఫారాలు నింపించే తీరు గుర్తు చేసుకోండి. బెంచీకి నలుగురు. లెక్చరర్ వరసల మధ్య తిరుగుతుంటాడు. ‘చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?’ అన్న ప్రశ్న దగ్గర పెన్ను ఆగుతుంది. పక్కవాడు మోచేత్తో పొడిచి ‘నువ్వేం పెట్టావ్‌రా?’ అంటాడు. ఇద్దరూ ‘లేదు’కే టిక్కు పెడతారు. ఫారాలు చేరేది ప్రిన్సిపల్ టేబుల్ మీదికే. ఇక ఆ కాలేజీలో అందరూ హాయిగా ఉన్నట్టే!

అసలు ఇలాంటివి అడిగితే లేనిపోని ఆలోచనలు పుట్టించినట్టవుతుందని జంకే పెద్దలున్నారు. అడిగినందువల్ల ఆ ఆలోచన పెరగదని పరిశోధనలు ఎప్పుడో చెప్పాయి.

అమెరికాలో హైస్కూలు పిల్లలను 1991 నుంచి రెండేళ్లకోసారి ఇలాగే అడుగుతున్నారు. పేరు రాయక్కర్లేదు. దిగులు, మద్యం, కొట్లాటలు, నిద్ర అన్నీ అందులో ఉంటాయి. ఎప్పుడూ దిగులుగా, ఏ ఆశా లేనట్టుగా ఉంటోందన్న ఆడపిల్లలు 2021లో 57 శాతం, 2023లో 53 శాతం. తగ్గింది నాలుగే కావచ్చు, తగ్గిందని చెప్పగలుగుతున్నారు. మనకు ఆ మాత్రం పోల్చుకునే అంకె కూడా లేదు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత జరిగిన విద్యార్థుల ఆత్మహత్యల ఘోరానికి ముందు ఆ పిల్లలు ఎలా ఉన్నారో ఎవరికీ తెలియదు.

విశాఖలో నీట్‌కు చదువుతున్న విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వందమందీ ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలంది. సంతోషం. ఆ కౌన్సెలర్ దగ్గరికి పిల్లలు వెళ్తున్నారో లేదో తెలిసేదెలా? ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 గోడ మీద అంటించి, లోపల ఫోన్లు నిషేధించే హాస్టళ్లు మనవి.

అందుకే రెండు ప్రభుత్వాలూ, ఇంటర్ బోర్డులూ కలిసి రెండేళ్లకోసారి రెసిడెన్షియల్ కాలేజీల్లో సర్వే చేయించాలి. చేసేవాళ్లు బయటివాళ్లై ఉండాలి. గదిలో లెక్చరర్, వార్డెన్ ఉండకూడదు. ఫలితాలు జిల్లాలవారీగా బయటపెట్టాలే తప్ప కాలేజీలవారీగా వద్దు. ర్యాంకుల ప్రకటనల్లో ఆరితేరిన యాజమాన్యాలు జవాబులకూ కోచింగ్ ఇచ్చి, ‘ఆనందంలోనూ మేమే నంబర్ 1’ అని హోర్డింగులు పెట్టగల సమర్థులు. చదువు మానేసి కూలికో గ్యారేజీకో పోతున్న ఈడు పిల్లల్ని కూడా ఊళ్లలో విడిగా కలవాలి. వాళ్లు ఏ కాలేజీ లెక్కలోనూ ఉండరు.

కాలేజీలు తెరిచిన జూన్‌లో వెళ్లి అడిగితే అందరూ బాగానే ఉన్నామంటారు. ప్రీఫైనల్స్ నడుస్తున్న రోజుల్లో వెళ్లాలి.