అచ్చంగా మాదే రిఫ్

ర్యాప్ మెటల్ బ్యాండ్, అంటే మెటల్ గిటార్ల హోరు మీద ర్యాప్ చెప్పే బ్యాండ్, పెట్టాలంటే ముందు కోపం ఉండాలి. గిటారు అరువు దొరుకుతుంది, మైకు అద్దెకు దొరుకుతుంది, కోపం మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. మా అయిదుగురిలో నిఖార్సైన కోపం ఉన్నది డ్రమ్మర్‌కే, అదీ మధ్యాహ్నం నిద్ర చెడితేనే. అందుకని రిహార్సల్స్ మధ్యాహ్నం పెట్టుకున్నాం.

చోటు డ్రమ్మర్ వాళ్ల మేడ మీది గది. కిటికీలకు పాత దుప్పట్లు కట్టాం. ఒక మూల వాళ్ల నాన్నగారు వాడి వదిలేసిన యూపీఎస్ ఉంటే డీజే తన లాప్‌టాప్, మిక్సరు దానికి తగిలించుకున్నాడు. నేను బేస్. బ్యాండులో బేస్ వాయించేవాడి గురించి ఇంతకంటే ఎవరూ అడగరు.

మొదటి రోజే గిటారిస్టు శాసనం చేశాడు. "మన పాట వింటే ఎవడికీ ఇంకెవడూ గుర్తు రాకూడదు. ఇదేదో ఫలానా వాళ్లలా ఉందే అన్నాడో, మనం అక్కడితో చచ్చినట్టే లెక్క." ఆ మాట అంటున్నప్పుడు వాడి ఒంటి మీదున్నది రేజ్ అగైన్‌స్ట్ ద మెషీన్ (యంత్రం మీద ఆగ్రహం) అనే బ్యాండు టీషర్టు. అదేమిటంటే, "బట్టలు వేరు, సంగీతం వేరు" అన్నాడు.

శాసనం అన్నాక అమలు చేసేవాడు ఉండాలిగా. ఆ పని డీజేకి అప్పగించాం. వాడు రికార్డుల పురుగు. ఏ రిఫ్, అంటే పాటలో పదే పదే తిరిగొచ్చే గిటారు ముక్క, ఏ ఆల్బమ్‌లోదో, అది ఏ ఏడాది వచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. లేపకపోయినా చెబుతాడు, మా బాధల్లా అదే. వాడి మెడలో రిఫరీ విజిల్ ఒకటి తగిలించి, ఎక్కడైనా విన్నట్టు అనిపిస్తే ఊదెయ్యమన్నాం. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందని ఊరికే అనలేదు పెద్దలు.

గిటారిస్టు ఆరో తీగను ఒక మెట్టు దించి డ్రాప్ డీ అనే శ్రుతిలో పెట్టాడు. అలా దించితే లావు తీగలు మూడింటినీ ఒక్క వేలితో అదిమి పవర్ కార్డు (రెండు మూడు నోట్ల బరువైన మోత) పట్టొచ్చు. ఈ రకం సంగీతంలో ఇంత ఆవేశం ఉండడానికి సగం కారణం ఈ సౌకర్యమేనని నా అనుమానం. వాడు వేలు పెట్టి మూడంటే మూడు నోట్లు వాయించాడు.

పీఁఁఁ!

"రేజ్. 1992."

"మూడు నోట్లేరా వాయించింది!"

"గుర్తుపట్టడానికి చాలు" అన్నాడు డీజే. ఆపైన కథ ఎత్తుకున్నాడు. రేజ్ గిటారిస్టు టామ్ మోరెల్లో అప్పట్లో గిటారు పాఠాలు చెప్పుకునేవాడట. ఒక శిష్యుడికి డ్రాప్ డీ అంటే ఏమిటో చూపిస్తుంటే, 'కిల్లింగ్ ఇన్ ద నేమ్' రిఫ్ చేతిలోంచి వచ్చేసిందట. పాఠం ఆపి దాన్ని రికార్డు చేసుకున్నాడట.

"అయితే నువ్వూ ఎవడికైనా పాఠం చెప్పు" అన్నాడు డ్రమ్మర్, కళ్లు తెరవకుండానే.

మా గిటారిస్టు ఆ సలహాని నిజంగానే తీసుకున్నాడు. శిష్యుడు దొరక్క నన్ను కూర్చోబెట్టాడు. గంటసేపు తీగ దించడం ఎలాగో, బిగించడం ఎలాగో చెప్పాడు. రిఫ్ పుట్టలేదు, నా తీగ తెగింది.

మర్నాడు ఎవరినో బతిమాలి ఏడు తీగల గిటారు తెచ్చాడు. కేబుల్ ఇంకా చేతిలోనే ఉంది, విజిల్ మోగింది.

"కార్న్. 1994."

"ఒరేయ్, ఇంకా వాయించలేదురా!"

"తీగలు లెక్కపెట్టాను" అన్నాడు వాడు.

అయితే మా డీజే న్యాయం విషయంలో తనవాడనీ పైవాడనీ చూసే రకం కాదు. తన వంతు రాగానే రికార్డు మీద చెయ్యి పెట్టి గీకాడు. గీకుతూనే, ఆ విజిల్ నోట్లోనే ఉందేమో, తన మీద తానే ఊదుకున్నాడు. "లింప్ బిజ్కిట్‌లో డీజే లీథల్, లింకిన్ పార్క్‌లో జో హాన్" అని నేరం ఒప్పుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పూట ఇంకేమీ ముట్టుకోలేదు.

ఇదే అదననుకుని గిటారిస్టు, ఆ గీకుడేదో గిటారుతోనే చేద్దామని ఎడమ అరచేత్తో తీగలు రుద్దుతూ, కుడిచేత్తో టాగుల్ స్విచ్చి టకటకా ఆడించాడు. చక్కగా వచ్చింది కూడా. మళ్లీ విజిల్. మళ్లీ మోరెల్లోనే! గిటారులో ఒక పికప్ (తీగల చప్పుడు అందుకునే భాగం) వాల్యూమ్ సున్నాకి దించి, స్విచ్చిని అటూ ఇటూ కొడితే శబ్దం తెగి తెగి వస్తుంది. ఆ కిటుకు ఆయనకు పేటెంటు కాదుగానీ పేరు మాత్రం ఆయనదే. రేజ్ మొదటి ఆల్బమ్ అట్ట మీద, ఇందులో శాంపిళ్లు (వేరే రికార్డుల్లోంచి తీసిన ముక్కలు), కీబోర్డులు, సింథసైజర్లు వాడలేదని పనిగట్టుకుని అచ్చు వేసుకున్నారు. వేయకపోతే ఆ చప్పుళ్లన్నీ గిటారువంటే నమ్మేదెవరు?

"మరి ఆయన డీజేలను చూసే కదా అది నేర్చుకుంది?" అని నేను.

"డీజేలు ఎవరి రికార్డులు అరగదీశారు? గిటారు వాళ్లవే" అన్నాడు డ్రమ్మర్. "ఇంత గొడవలో నేను కొట్టేదాని గురించి ఒక్కడూ అడగడు."

అడక్కపోతేనే బాగుండేది. వాడు బరువుగా ఒక బీట్ మొదలుపెట్టగానే పీఁఁఁ! ర్యాప్ బృందం బీస్టీ బాయ్స్ 1986లో వేసిన మొదటి ఆల్బమ్ తెరుచుకునేదే లెడ్ జెప్లిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ కొట్టిన బీట్‌తోనట. అంటే అరువు తెచ్చుకున్నదాన్ని అరువు తెచ్చుకున్న నేరం. డ్రమ్మర్ కర్రలు పక్కన పెట్టి పడుకున్నాడు.

రాపర్ సంగతి మరీ ఘోరం. ముందు గుసగుసగా చదివి తర్వాత ఒక్కసారిగా అరుద్దామనుకున్నాడు. గుసగుసకే విజిల్ పడింది. "తొంభైల్లో సగం బ్యాండ్లు" అన్నాడు డీజే, విడివిడిగా పేర్లు చెప్పే ఓపిక లేక. అరుపు దాకా రానే రాలేదు. పాపం, మనసు కష్టపెట్టుకుని మూల కూర్చుని ఎర్ర టోపీ వెనక్కి తిప్పి పెట్టుకున్నాడు. పీఁఁఁ!

"టోపీకి కూడానా?"

"ఫ్రెడ్ డర్స్ట్. లింప్ బిజ్కిట్."

"సరే, ముందుకు తిప్పుకుంటా."

"అలా లోకమంతా పెట్టుకుంటుంది. సొంతం ఎలా అవుతుంది?"

టోపీ తీసి జేబులో కుక్కుకున్నాడు.

ఆ సాయంత్రం వాయించడానికి ఏమీ మిగల్లేదు కనుక చరిత్ర మీద పడ్డాం. 1986లో రన్-డీఎంసీ అనే ర్యాప్ బృందం వాళ్లు రాక్ బ్యాండు ఏరోస్మిత్‌తో కలిసి 'వాక్ దిస్ వే' మళ్లీ పాడారు. ఆ పాట అంతకుముందే, 1975లోనే వచ్చింది. అసలు రన్-డీఎంసీకి ఆ పాటలో కావలసింది మొదట్లో వచ్చే డ్రమ్ ముక్కే. దాని మీద ర్యాప్ చెప్పుకోవడం, గొంతు మొదలయ్యేలోగా రికార్డు వెనక్కి తిప్పడం. పాడిందెవరో కూడా సరిగ్గా తెలియక, 'టాయ్స్ ఇన్ ద ఆటిక్' అన్న ఆల్బమ్ పేరే బ్యాండు పేరనుకునేవాళ్లు. ఆ రెండు జట్లనూ కలిపింది రికార్డు నిర్మాత రిక్ రూబిన్. అదే ఏడాది బీస్టీ బాయ్స్ పాటలో మెటల్ బ్యాండు స్లేయర్ గిటారిస్టు కెర్రీ కింగ్ చేత సోలో వాయింపించిందీ ఆయనే. రెండేళ్లకి పబ్లిక్ ఎనిమీ అనే ర్యాప్ బృందం ఏకంగా స్లేయర్ రిఫ్‌నే శాంపిల్ చేసుకుంది. అంతకుముందే తమ పాటలో ఆంథ్రాక్స్ అనే మెటల్ బ్యాండు పేరు తలిచారు పబ్లిక్ ఎనిమీ వాళ్లు. ఆ ఆనందం పట్టలేక ఆంథ్రాక్స్ 1991లో అదే పాటను వాళ్లతోనే కలిసి మళ్లీ చేసింది.

డ్రమ్మర్ ఒక కన్ను తెరిచాడు. "అంటే ఈ ఇంట్లో కాపురం పెట్టినవాడెవడూ సొంత సామాను తెచ్చుకోలేదన్నమాట."

నన్నడిగితే, తెచ్చుకోవడంలోనూ తేడా ఉంది. మోరెల్లో తెచ్చుకున్నది డీజేలు రికార్డు తిప్పే టర్న్‌టేబుల్ దగ్గర్నుంచి. తెచ్చి గిటారులో పెట్టేసరికి దాని రూపే మారిపోయింది. ఆ తర్వాత వచ్చిన వాళ్లు చాలామంది మోరెల్లో దగ్గర తెచ్చుకుని మళ్లీ గిటారులోనే పెట్టారు. జిరాక్సుకి జిరాక్సు తీస్తే అక్షరాలు పలచబడతాయి కదా మరి.

ఇక్కడ నా జాతివాడి ముచ్చట ఒకటి చెప్పకుండా ఉండలేను. బేస్ వాయించేవాళ్లు చరిత్రకెక్కడం అరుదు. రేజ్ బేసిస్టు టిమ్ కామర్‌ఫర్డ్ మాత్రం నిజంగానే ఎక్కాడు. 2000లో ఎంటీవీ అవార్డుల సభలో తమను కాదని లింప్ బిజ్కిట్‌కి బహుమతి ఇచ్చారని స్టేజీ మీద సెట్టింగ్ పట్టుకుని పైదాకా పాకి కూర్చున్నాడు. ఎంతకీ దిగలేదు. ఆ రాత్రి జైల్లో పడుకున్నాడు. కోపం తగ్గిందా అంటే లేదు. 2015లో, లింప్ బిజ్కిట్ లాంటి బ్యాండుకు స్ఫూర్తినిచ్చినందుకు లోకానికి క్షమాపణ చెప్పుకున్నాడు. కాపీ కొట్టినందుకు సారీ చెప్పినవాళ్లు ఉంటారేమోగానీ, కాపీ కొట్టించుకున్నందుకు చెప్పినవాణ్ని నేనైతే ఇంకొకణ్ని చూడలేదు.

ఆ తర్వాత చాలా రోజులు మా రిహార్సల్స్‌లో వినిపించింది విజిలే. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చునేవాళ్లం. బ్యాండు పేరు కూడా కుదరలేదు. అనుకున్నదల్లా ఎవరో పెట్టేసుకున్నదే. లింకిన్ పార్క్ వాళ్లకీ ఇదే తిప్పలు. లింకన్ పార్క్ అన్న వెబ్‌సైటు పేరు చేతికి అందక స్పెల్లింగ్ మార్చుకున్నారు. మేం మార్చుకుందామంటే మార్చడానికి ఒక పేరంటూ ఉండాలి కదా.

అలాంటి ఒక నిశ్శబ్దంలో, గోడకు చేరగిలబడి ఎటో చూస్తున్న గిటారిస్టు వేళ్లు వాటంతటవే కదిలాయి.

టిక్ టిక్ టిక్... టూఁ... టూఁ...

మూడు పొట్టివి, చిన్న గ్యాప్, రెండు సాగదీసినవి. అందరం డీజే వైపు తిరిగాం. వాడు విజిల్ పెదాల దాకా తెచ్చాడు. కళ్లు మూసుకున్నాడు. కనురెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ కదులుతున్నాయి, లోపల ఆల్బమ్‌లు తిరగేస్తున్నట్టున్నాడు. నుదుట చెమట పట్టింది. చివరికి విజిల్ దించేశాడు.

"లేదు" అన్నాడు. "ఎక్కడో విన్నట్టే ఉంది. కానీ ఏ రికార్డులోనూ లేదు."

గిటారిస్టు కళ్లలో నీళ్లు తిరిగాయి. డ్రమ్మర్ లేచి నిలబడ్డాడు. అది చూసి నాకు నిజంగా భయమేసింది. ఆ ఒక్క రిఫ్ చుట్టూ రెండు పూటల్లో పాట మొత్తం కట్టేశాం. రాపర్ వారాల తరబడి అణచుకున్నదంతా కక్కేశాడు. "ఎవడి నీడా నా మీద లేదు, ఎవడి జాడా నా దారిలో లేదు" అని పల్లవి. వాడి గొంతు చిరిగింది, కిటికీకి కట్టిన దుప్పటి ఒకటి ఊడిపడింది.

అప్పుడే డ్రమ్మర్ వాళ్లమ్మగారు పైకి వచ్చారు. తలుపు దగ్గర నిలబడి పాటంతా ఓపిగ్గా విన్నారు.

"ఎలా ఉంది పిన్నిగారూ?" అన్నాడు గిటారిస్టు, రొప్పుతూ.

"బాగుంది నాయనా. ఆ మూలనున్న దానికి బ్యాటరీ మార్చండర్రా అని నెత్తీనోరూ కొట్టుకున్నా మార్చరు గానీ, దాని మీద పాట కట్టారన్నమాట."

గదిలో ఎవరూ కదల్లేదు. మూలనున్న యూపీఎస్ మాత్రం, తన ప్రస్తావన వచ్చినందుకో ఏమో, పలికింది.

టిక్ టిక్ టిక్... టూఁ... టూఁ...

డీజే చెయ్యి నెమ్మదిగా విజిల్ వైపు పోయింది. "ఊదావంటే మర్యాద దక్కదు" అన్నాడు గిటారిస్టు.

వాదన రాత్రి దాకా సాగింది. యూపీఎస్ బ్యాండు కాదు కాబట్టి శాసనం కిందికి రాదని రాపర్. అది ఆల్బమ్ వేయలేదు కాబట్టి కాపీ కింద లెక్క కాదని నేను. వాళ్లు యంత్రం మీద ఆగ్రహించి బాగుపడితే మనం యంత్రం దగ్గరే అప్పు చేశామని గిటారిస్టు. చెమటతో ముద్దయిన టీషర్టు మీద రాసి ఉన్న ఆ పేరును చూసుకుంటూ కుమిలిపోయాడు. "ఇవాళ్టికి పడుకుందాం" అన్న డ్రమ్మర్ మాటే చివరికి నెగ్గింది. ప్రోగ్రాం దగ్గర పడింది కనుక పాట అలాగే ఉంచేశాం, బ్యాటరీ కూడా.

చిన్న హాలు, వరుసగా నాలుగైదు బ్యాండ్లు. డీజే లాప్‌టాప్ దానంతటది నిమిషం కూడా నిలవదు, అందుకని యూపీఎస్‌ను కూడా మోసుకెళ్లి స్టేజీ అంచున పెట్టాం. మొదటి చరణం గడిచింది. రెండో చరణంలో గిటారిస్టు ఆంప్లిఫయర్ మీద వాల్యూమ్ ఇంకొంచెం తిప్పాడో లేదో, స్టేజీ మీది కరెంటు ఠక్కున పోయింది. ఆంప్లిఫయర్లు రెండూ పోయాయి. హాలు స్పీకర్లది వేరే లైను, అవి, మైకు బతికే ఉన్నాయి. గిటారిస్టు గాల్లో చెయ్యి ఊపుతున్నాడు, చప్పుడు లేదు. నా బేస్ కూడా పోయింది, అది ఎవరూ గమనించలేదు.

ఏమైందో చూద్దామని రాపర్ మైకు పట్టుకునే కిందికి వంగాడు. కరెంటు పోతే యూపీఎస్ ఊరుకుంటుందా?

టిక్ టిక్ టిక్... టూఁ... టూఁ...

హాలు స్పీకర్లన్నింట్లోంచీ ఒక్కసారిగా. గోడలు అదిరాయి. ఇంట్లో కన్నా వేగం కూడా ఎక్కువే, దాని భయం దానిది. డ్రమ్మర్ నిద్రమొహం వాడేగానీ చెవి ఉన్నవాడు. వెంటనే దాని లయ పట్టుకున్నాడు. రాపర్ మైకు అక్కడే వదిలేసి, దాని పక్కనే బోర్లా పడుకుని ర్యాప్ అందుకున్నాడు. ముందు వరుసలో తలకాయలు ఊగడం మొదలైంది, తర్వాత వెనక వరుసల్లో. చివరికి బ్యాటరీ పూర్తిగా అయిపోతూ టూఁఁఁఁ అని ఒక్కటే కూత సాగదీసి ఆగింది. హాలంతా ఈలలు. అంతకు మించిన ముగింపు మేం కట్టగలిగేవాళ్లం కాదు.

దిగగానే మా తర్వాత ఎక్కాల్సిన బ్యాండు గిటారిస్టు పరుగున వచ్చాడు.

"బ్రో, ఆ చివర్లో వచ్చిన సౌండు... అలాంటిది నేనెక్కడా వినలేదు. ఏ పెడల్ అది?"

మా గిటారిస్టు నీళ్లు నమిలాడు. డీజే బూట్ల లేసు కట్టుకోవడంలో పడ్డాడు.

"పెడల్ కాదు తమ్ముడూ" అన్నాడు డ్రమ్మర్, యూపీఎస్‌ను చంకన పెట్టుకుంటూ. "అది కొంటే వచ్చే సౌండు కాదు. ఏళ్ల తరబడి బ్యాటరీ మార్చకుండా ఉండాలి."

వాడు ఫోను తీసి రాసుకున్నాడు.