త్రీసిక్స్‌టీ గారికి ఉభయకుశలోపరి

బరంపురం,
గంజాం జిల్లా, ఒడిశా.

మహారాజశ్రీ త్రీసిక్స్‌టీ గారికి,

నమస్కారములు. మీరు క్షేమమేనని వేరే అడగక్కర్లేదు, పడేవాళ్ళం మేం కదా. ఎడమ భుజమూ, కుడి చెవిలో ఇంకా గలగలమంటున్న దుబాయ్ సముద్రమూ తప్పిస్తే ఇక్కడ నేనూ క్షేమమే.

నేను మీకు గుర్తుండను. మూడేళ్ళు దుబాయ్‌లో ఉద్యోగం చేశాను. సెలవు రోజున ఆరుగురం చందాలేసుకుని గంట లెక్కన బోటు మాట్లాడుకునేవాళ్ళం. వేక్‌సర్ఫింగ్, అంటే బోటు వెనక లేచే అల మీద తాడు లేకుండా బోర్డెక్కి నిలబడడం, మూడో సెలవుకే వచ్చేసింది. అక్కడితో ఆగి ఉంటే ఈపాటికి సుఖంగా ఉండేవాణ్ణి. ఆ రోజే పక్క బోటు వెనక ఓ పన్నెండేళ్ళ పిల్ల గిర్రున ఒక చుట్టు తిరిగి, ఏమీ జరగనట్టు జడ సర్దుకుంది. అల మీద అలా పూర్తిగా ఒక చుట్టు, అంటే 360 డిగ్రీలు, తిరగడమే మీరు. అలా తగులుకున్నారు.

మీరెవరో తెలియనివాళ్ళు కూడా ఈ ఉత్తరం చదువుతారు కాబట్టి కాస్త చెప్పాలి. బోటు పొట్టలోని ట్యాంకుల్లో వందల కిలోల నీళ్ళు నింపి, బరువు కాస్త ఒక పక్కకి మొగ్గేలా చేసి, గంటకు 16 నుంచి 18 కిలోమీటర్ల వేగంతో నడుపుతారు. అంటే మా గిరి రోడ్డులో సాయంత్రం పూట స్కూటీ పోయేంత. ఆ పక్కన అల ఒకటి లేచి, చెదిరిపోకుండా బోటు వెంటే వస్తుంది. ఆరు మీటర్ల తాడు పట్టుకుని లేచి, అల తనంతట తానే నెట్టే చోటు దొరికాక తాడు బోటులోకి విసిరేయాలి. తాడు వదిలాక తిరగడం అనగానే నాకు బొంగరం గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా వీధిలో నా బొంగరం దెబ్బకి పగలని బొంగరం లేదు. ఇదెంత అనుకున్నాను. బొంగరానికి భయం ఉండదన్న సంగతి అప్పుడు తట్టలేదు.

మీ షరతులు కూడా చిత్రంగా ఉన్నాయి. ముందు తల తిరగాలి, తర్వాత భుజాలు, తర్వాత నడుము, చివరికి బోర్డు. బోర్డు అడుగున వెనక వైపు ఉండే చేప రెక్కల్లాంటి ఫిన్లు దాన్ని తిన్నగా పట్టి ఉంచుతాయి. ముందు కాలి మీద కొంచెం బరువు వేస్తే అవి నీటి పట్టు వదులుతాయి, అప్పుడే బోర్డు జారుతుంది. ఆ కొంచెం ఎంత అని అడగండి. తక్కువైతే తిరగదు, ఎక్కువైతే బోర్డు ముక్కు నీళ్ళలో గుచ్చుకుని మనల్ని మొక్కించేస్తుంది. నేర్పే మలయాళీ కుర్రాడు బోటులోంచి "తల! తల!" అని అరిచేవాడు. చేతులు తిప్పాను, నడుము తిప్పాను, కళ్ళు కూడా తిప్పాను, తల మాత్రం కదల్లేదు. ఎలా కదులుతుంది సార్? గడప దాటాక వెనక్కి చూడకూడదని ఇరవై ఏళ్ళు నూరిపోసిన మా నాయనమ్మ మెడలో మేకు కొట్టేసింది.

ఎట్టకేలకు సగం తిరిగాను. అదే నా కొంప ముంచింది. 180 డిగ్రీల దగ్గర బోటుకి వీపు పెట్టి, దూరమైపోతున్న ఒడ్డును చూస్తూ ఒక్క క్షణం ఆగుతాం. అక్కడ ఆగకూడదు, చూపు అలాగే చుట్టూ సాగిపోవాలి. నేను మాత్రం ఎప్పుడూ అక్కడే ఆగి కాళ్ళ కేసి చూసుకునేవాణ్ణి. తర్వాత నీళ్ళు.

ఇది నా ఒక్కడి జబ్బు కాదండి, మా ఊరిదే. 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి తీసి మమ్మల్ని కొత్తగా ఏర్పడ్డ ఒడిశాలో కలిపారు. మద్రాసు వైపు చూస్తున్న ఊరు ఒక్క పూటలో కొత్త రాజధాని కటకం వైపు తిరిగింది. అదిగో, అప్పట్నుంచీ మా తెలుగువాళ్ళం 180 దగ్గరే ఉన్నాం. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, బజార్లో బేరం దేనికి తెగితే అది. మా ఇంట్లో పెళ్ళి శుభలేఖ ఒక పక్క తెలుగు, రెండో పక్క ఒడియా. మీ భాషలో ఇలా వెనక్కి తిరిగి సాగిపోవడాన్ని స్విచ్ అంటారట, దానికి పోటీల్లో మార్కులు కూడా వేస్తారట. దాదాపు తొంభై ఏళ్ళ మార్కులు మాకు బాకీ.

పూర్తిగా చేసి చూపించినవాడు మా ఊళ్ళో లేకపోలేదు. ఇక్కడ పుట్టిన వి.వి. గిరి గారు 1969లో పార్టీ తాడు వదిలేసి, ఇండిపెండెంటుగా నిలబడి రాష్ట్రపతి అయ్యారు. వెనక నుంచి ఇందిరమ్మ అల నెడుతూనే ఉందనుకోండి. మీ ఆటలో అది తప్పు కాదు కదా.

ఉద్యోగం ముగిసి, నాలుగున్నర అడుగుల బోర్డుతో ఇల్లు చేరాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇస్త్రీ బల్లా? కాళ్ళు విరిగిపోయాయా?" అంది. విరగాల్సినవి తృటిలో తప్పాయని చెప్పలేదు.

బుద్ధి ఊరుకోక చిలికా సరస్సు దారి పట్టాను. రంభ రేవులో పడవలన్నీ పొడుగాటి ఇనప కమ్మీ చివర పంకా తిప్పుకుంటూ పోయేవే. ఆ పంకా సరిగ్గా నేను పడే చోటే తిరుగుతుంది. మీ బోట్లకి ఇంజను లోపల, పంకా అడుగున ఉండేది ఇందుకే కదా. పైగా చాలాచోట్ల గెడ వేసి నెట్టుకుపోయేంత లోతే, అల ఎక్కడ లేస్తుంది? అయినా ఆశ చావక, మనుషుల్నే బరువుగా వేసుకుందామని పడవాయనకి చెప్పాను. ఆయన బీడీ తీసి, "ఏటి బావూ, ఇరవై మందిని ఓ పక్కన కూకోబెడితే అల లెగుస్తాదా, పడవ బోర్ల పడతాదా?" అన్నాడు. కొంచెం ఆగి, "సాతపడా ఎల్లు. డాల్ఫిన్లు తిరుగుతాయి, నువ్వు కూకుని సూడు" అని సలహా కూడా ఇచ్చాడు. ఉచితంగా.

మర్నాడు సముద్రం ఒడ్డున గోపాల్‌పూర్. మన పక్క నోలియాలంటే తెలుగు మాట్లాడే బెస్తలే. లైట్‌హౌస్ దగ్గర వల బాగుచేసుకుంటున్న ఓ తాత పక్కన కూర్చుని మీ గొప్పతనం మొత్తం వర్ణించాను. చేతిలో సూది ఆపకుండా విన్నాడు.

"అల దానంతటదే వత్తా ఉంటే, డీజిలు పోసి పుట్టిస్తారేటి?"

సమాధానం లేదు. మీ దగ్గర ఉంటే పంపించండి.

"తిరగడం నేర్చుకున్నావా, డబ్బులిచ్చి?"

"సగం నేర్చుకున్నాను తాతా."

వల పక్కన పెట్టి నా మొహం కేసి చూశాడు. "మా అయ్య తెప్ప మీద నన్ను ఎక్కించుకుని నేర్పిందంతా ఒకటేరా. అల దగ్గర తెప్ప తిరక్కుండా చూసుకోడం. అడ్డం తిరిగిందా, సచ్చామే."

ఆ మాటకి నాకు బాగా కోపం వచ్చింది. ఆయన మీద కాదు, మీ మీద. తరతరాలుగా తిరక్కుండా ఉండడమే విద్య అనుకుని బతికిన సముద్రం ఒడ్డున పుట్టి, తిరగడం కోసం మూడేళ్ళ జీతంలో ఎంత పోశానో లెక్క కట్టాను. అంకె ఇక్కడ రాయను, ఈ ఉత్తరం అమ్మ కూడా చదువుతుంది.

ప్రస్తుతం బోర్డు మేడ మీద ఉంది. ఫిన్లు విప్పేశాను, ఎండాకాలం వడియాలకి పనికొస్తుందని అమ్మ కన్నేసింది. నిన్న సాయంత్రం పక్కింటి పిల్లాడు దాని మీద బొంగరం వేశాడు. ఒక్క చోటే నిలబడి, చప్పుడు లేకుండా, చాలా సేపు తిరిగింది. ఎన్ని త్రీసిక్స్‌టీలో లెక్కపెట్టబోయి, కళ్ళు తిరిగి కూర్చున్నాను.

ఇట్లు,
సగం తిరిగిన మీ విధేయుడు