మెదడు పాఠం డ్వాక్రా మీటింగులో చెప్పాలి

అమెరికాలో 1996లో మొదలైన మెదడు అవగాహన వారాన్ని ఇప్పుడు ఏటా మార్చిలో చాలా దేశాల్లో జరుపుతున్నారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అది కాలేజీ సెమినార్ హాలులో ఆగిపోకూడదు. మెదడు గురించి తెలియక నష్టపోతున్నది పల్లెలే.

పక్షవాతం సంగతే చూడండి. ఉన్నట్టుండి మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయి, మాట తడబడిందంటే మెదడులో రక్తనాళం మూసుకుపోయి ఉండొచ్చు, చిట్లి ఉండొచ్చు. ఏదన్నది సీటీ స్కాన్‌లోనే తేలుతుంది. రక్తపు గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే ఇంజెక్షన్‌ను మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, చచ్చిపోతాయని అంచనా. ఉదయగిరి నుంచి నెల్లూరుకో, గిద్దలూరు నుంచి ఒంగోలుకో రావాలంటేనే రెండు మూడు గంటలు పడుతుంది. ఇక పసరు మందు కోసం తిరిగే టైమెక్కడిది? ‘తెల్లారాక చూద్దాంలే’ అనుకుంటే ఆ మనిషి జీవితాంతం మంచానికే పరిమితం కావచ్చు.

ఆ మాట అనేది ఇంట్లోవాళ్లే. అందుకే పాఠం వాళ్లకు చేరాలి. ఎలాగన్నది నెల్లూరు జిల్లాకు ఒకరు నేర్పక్కర్లేదు. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం పాటలతో, వీధి నాటకాలతో ఊరూరా తిరిగింది. దూబగుంటలో చదువుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో రాష్ట్రమంతా సారాను నిషేధించారు. సారా గురించి చదివిన పాఠం వాళ్ల ఇంటి కష్టాన్ని ముట్టుకుంది, అందుకే కదిలారు. మెదడు పాఠమూ న్యూరాన్ బొమ్మతో కాకుండా, నాన్నకు పడిపోయిన చెయ్యితో మొదలవ్వాలి.

తర్వాత ఫిట్స్. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా కుక్కడం ఇంకా మానలేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి. ఇంతకన్నా బాధ కలిగించేది, పెళ్లి సంబంధం చెడిపోతుందన్న భయంతో ఆడపిల్లకు మాత్రలు మాన్పించడం. సరైన వైద్యం అందితే మూర్ఛ ఉన్నవాళ్లలో 70 శాతం దాకా ఫిట్స్ రాకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ ఒక్క సంగతి ప్రతి తల్లికీ తెలియాలి.

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాలల విద్యార్థులను ఆశా కార్యకర్తలతో కలిపి డ్వాక్రా మీటింగులకు పంపడం పెద్ద ఖర్చు కాదు. దాంతోపాటు రాత్రిపూట సీటీ స్కాన్, ఆ ఇంజెక్షన్ రెండూ దొరికే దగ్గరి ఆసుపత్రి ఏదో ప్రతి సచివాలయం గోడ మీదా రాయించాలి.