డాక్టర్ బాబుది రైటర్ తప్పు, వంటలక్కది మాత్రం వంటలక్క తప్పే

మెట్‌పల్లి దగ్గర మా అమ్మగారి ఊరు. రాత్రి ఏడున్నర అయితే చిన్నమ్మ వాళ్ల ముందటి అర్రలో నలుగురైదుగురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టడానికి కూర్చునేవాళ్లు. కత్తిరించిన తునికాకు ఒకటి చేతిలోకి తీసుకోవడం, చిటికెడు తంబాకు పోయడం, వేళ్లతో ఒక చుట్టు, దారం, మూతి మడత. ఆ పనికి కళ్లతో అవసరం లేదు. కళ్లన్నీ టీవీలో వచ్చే 'కార్తీకదీపం' సీరియల్ మీదే. అందులో అందరూ డాక్టర్ బాబు అని పిలిచే కార్తీక్, వంటలక్క అని పిలిచే భార్య దీపను మళ్లీ అనుమానించి తలుపు వేసుకున్నాడు.

"గంత డాక్టర్ సదివినోనికి ఒక్క డీఎన్‌ఏ టెస్టు చేయించుకునే తెలివి లేదా?" అన్నది పక్కింటి అక్క.

"వానికెందుకు లేదు? సాగదియ్యాలె గదా, రాసెటోనికే బుద్ధి లేదు" అన్నది చిన్నమ్మ.

పది నిమిషాలకు దీప ఏమీ మాట్లాడకుండా పిల్లను తీసుకొని వెళ్లిపోయింది. "ఏం పొగరే దీనికి! కూసొని మొగనికి నాలుగు మాటలు చెప్పుకుంటే ఏం పోతది?" ఇద్దరు ముగ్గురు ఒక్కసారే అన్నారు. ఈసారి రాసినాయన ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ రోజు నేనూ నవ్వేసి ఊరుకున్నాను. తర్వాత హన్మకొండ చౌరస్తా దగ్గర చాయ్ తాగుతూ ఆఫీసు మిత్రులు ఇదే సీరియల్ మీద జోకులు వేసుకుంటుంటే మళ్లీ అదే తేడా వినబడింది. కార్తీక్ మూర్ఖత్వం కథలో లోపం. దీప మౌనం దీప గుణంలో లోపం. అతను చేసిందానికి స్క్రీన్‌ప్లే జవాబు చెప్పాలి, ఆమె చేసిందానికి ఆమే చెప్పాలి. ఇద్దరినీ రాసింది ఒకే చెయ్యి.

'కార్తీకదీపం' 2017 అక్టోబర్‌లో స్టార్ మాలో మొదలై 2023 జనవరి దాకా 1500కు పైగా ఎపిసోడ్లు నడిచింది. మలయాళంలో 2014లో వచ్చిన 'కరుత్తముత్తు' దీనికి మూలం. అక్కడ మొదట్లోనూ, ఇక్కడా నాయిక వేషం కట్టింది ప్రేమి విశ్వనాథే. నల్లగా ఉందని చిన్నచూపు చూడబడ్డ దీపను డాక్టర్ కార్తీక్ ప్రేమించి పెళ్లి చేసుకుంటాడు. తనకు పిల్లలు పుట్టరని నమ్మించబడ్డవాడు కాబట్టి, ఆమె కడుపులో బిడ్డ తన బిడ్డ కాదనుకుంటాడు. మిగతా ఏళ్లన్నీ ఆ ఒక్క అనుమానం మీద సాగిన బండే.

రోజువారీ సీరియల్‌కు రహస్యమే పెట్టుబడి. నిజం బయటపడ్డ నాడు కథ అయిపోతుంది, అందుకే కార్తీక్ టెస్టు చేయించుకోకూడదు, దీప విప్పి చెప్పకూడదు. చిన్నమ్మ 'సాగదీసుడు' అన్నది నూటికి నూరుపాళ్లు సరైన విమర్శ. అదే సూత్రం దీపకు ఎందుకు వర్తించలేదన్నదే నా పేచీ.

జీవితంలోనూ మనం ఇట్లాగే లెక్క వేస్తాం మరి. మగవాడు తాగితే దోస్తులు చెడగొట్టారు, చెయ్యి చేసుకుంటే పనిలో చికాకు, అనుమానిస్తే ఎవరో చెవిలో వేశారు. అతని తప్పుకు ఎప్పుడూ బయట ఒక కారణం దొరుకుతుంది. ఆడమనిషి అదే చేస్తే 'దాని బుద్ధే అంత'. కార్తీక్ విషయంలో ఆ బయటి కారణం పాపం రచయిత అయ్యాడు.

పేర్లు చూడండి. ప్రేక్షకుల నోట్లో అతను డాక్టర్ బాబు, ఆమె వంటలక్క. దీప బతికింది వంట చేసి సంపాదించిన డబ్బుతో, కూతుర్ని పెంచిందీ ఆ డబ్బుతోనే. అది కూడా వృత్తే. కానీ 'డాక్టర్' అంటే చదువు, హోదా వినిపించే మన చెవికి 'వంటలక్క' అంటే ఇంట్లో ఎట్లాగూ చేసే పనే వినిపిస్తుంది. ఎంత ప్రేమగా పిలిచినా సరే.

కార్తీక్‌ను కోరుకున్న మోనిత సంగతి ఇంకా విచిత్రం. ఆమె ఒక డాక్టరు, కార్తీక్‌కు పిల్లలు పుట్టరని వైద్యం పేరు చెప్పి అబద్ధం ఆడింది. ఇవాళ మన ఊరి ఆస్పత్రిలో ఎవరైనా అట్లా చేస్తే పోలీస్ స్టేషన్ దాకా పోతాం. మా అర్రలో మాత్రం ఆమెకు పడ్డ తిట్లన్నీ 'సిగ్గు లేనిది, పరాయి మొగుని మీద కన్నేసింది' అనే. నేరం పక్కకు పోయి కోరిక దొరికిపోయింది. కాదన్నా వెంటపడే మొగపిల్లగాన్ని సినిమాల్లో హీరో అని ఈలలు వేసిన ఊరు మాదే మరి.

ఇంతవరకు పాతకాలపు బుద్ధి అని తీసేయొచ్చు. కానీ చదువుకున్న వాళ్లం, స్త్రీ స్వేచ్ఛ గురించి మాట్లాడేవాళ్లం ఏమన్నాం? "అంత అవమానం చేసినవాని కోసం ఇంకా ఏడుస్తుందేంటి, ఆత్మగౌరవం లేదా?" అన్నాం. నేనే అన్నాను, ఒకటి రెండుసార్లు కాదు. ఇప్పుడు ఆలోచిస్తే చిన్నమ్మ పెట్టిన పరీక్షకు, నా పరీక్షకు ప్రశ్నపత్రమే వేరు, హాల్ టికెట్ మాత్రం ఇద్దరం దీపకే ఇచ్చాం. ఆమె దిగి వచ్చి బతిమాలాలి, లేకపోతే ఆమె తలెత్తుకొని తెంచుకోవాలి. రెంటిలోనూ మారాల్సింది ఆమే. కార్తీక్ ఆమెను ప్రేమిస్తూనే నమ్మలేకపోతే అది అంతర్మథనం, దీప కోపంగా ఉంటూనే ప్రేమిస్తే అది వెన్నెముక లేకపోవడం. ప్రేమా కోపమూ ఒకే మనిషిలో ఒకేసారి ఉండే హక్కు మగ పాత్రకే ఇచ్చాం.

చిన్నమ్మ మాటను నేను తేలిగ్గా తీసుకోలేకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఆ అర్రలో కూర్చున్న వాళ్లలో ముగ్గురి భర్తలు గల్ఫ్‌లో ఉన్నారు. జగిత్యాల, కోరుట్ల, ఆర్మూర్ దిక్కు ఇది కొత్త విషయం కాదు. ఒంటరిగా పిల్లల్ని సాదుతూ, బీడీలు చుట్టి ఇల్లు నెట్టుకొస్తూ, ఫోన్ ఒక్కసారి ఎత్తకపోతే 'ఎటు పోయినవ్' అన్న ప్రశ్నకు జవాబు తయారుగా పెట్టుకునే ఆడవాళ్లు. దీప కష్టం వీళ్లకు తెలిసినంతగా నాకు తెలియదు. అయినా వీళ్లే ఆమెను అంత గట్టిగా ఎందుకు తిట్టారు?

నాకు తోచింది ఇది. 'నాలుగు మాటలు చెప్పుకుంటే ఏం పోతది' అన్నది తీర్పు కాదు, సలహా. అనుమానం మొలిచిన చోట తాము రోజూ చేసే పని అదే. చెప్పుకోవడం, ఒప్పించడం, మళ్లీ చెప్పుకోవడం. దీప ఆ పని చెయ్యనంటే, తామెందుకు చేస్తున్నట్టు? ఆ ప్రశ్న మీదికి రాకుండా పొగరు అన్న మాట అడ్డం వేశారేమో. కాదేమో కూడా. నేను అడిగితే చిన్నమ్మ "సీరియల్‌కు గంత సోంచాయించుడు దేనికి" అని కట్ట కట్టి చాటలో వేసింది.

ఇవి ఆడవాళ్ల సీరియళ్లు, ఆడవాళ్ల తిట్లు అనుకునే మగవాళ్లకు ఒక మాట. 2020లో ఐపీఎల్ మ్యాచ్‌లు కూడా ఏడున్నరకే మొదలయ్యాయి. మా ఇంట్లో రిమోట్ కోసం జరిగిన యుద్ధంలో బాపు సీరియల్ పక్షం. పేపర్ అడ్డం పెట్టుకొనే, "మొన్న గా టెస్టు ముచ్చట ఏమైంది?" అని అడిగేవాడు.

రెండో భాగం 2024 మార్చిలో మొదలైంది. కథ వేరు, నాయికా నాయకులుగా నటులు వాళ్లే, వాళ్ల పేర్లు అవే. ఇందులో కార్తీక్ దీపకు అండగా నిలబడే మనిషి. మొన్న ఊరికి పోతే చిన్నమ్మ చాట ముందట పెట్టుకొని సంబురంగా చెప్పింది. "డాక్టర్ బాబు మంచిగ మారిండు బిడ్డా."

మరి దీప?

"అదా? మల్ల గట్లనే, నోరు ఇప్పది."