బడి చేసే మంచిని కాగితం మీద పెట్టండి

ప్రభుత్వ బడుల్లో నెలనెలా మూడో శనివారం తల్లిదండ్రుల సమావేశం పెడుతున్నారు. వరంగల్, హనుమకొండ, ములుగు, మహబూబాబాద్... ఏ జిల్లాలో చూసినా ఆ గంటలో వినిపించే మాటలు దాదాపు ఒకటే. యూనిఫాం ఎప్పుడిస్తరు, బాత్రూంలో నీళ్లెందుకు రావట్లేదు, మా పిలగానికి లెక్కల్లో మార్కులెందుకు తగ్గినయి. ఇవన్నీ అడగాల్సినవే, గట్టిగా అడగాల్సినవే. కానీ అదే బడిలో రెండో తరగతి పిల్ల దసరా నాటికి కొత్త పేరాను తడబడకుండా చదువుతోందంటే ఆ ముచ్చట ఎవరూ ఎత్తరు. 'మీ దయ సారూ' అని దండం పెట్టి పోతారు. ఆ దండంలో కృతజ్ఞత నిండుగా ఉంటుంది. అయితే అది ఏ పనికి పెట్టిన దండమో ఆ టీచరుకే తెలియదు, రేపు వచ్చే హెడ్మాస్టరుకు అసలే తెలియదు.

దీన్ని మర్యాదకు సంబంధించిన చిన్న విషయమని తీసేయలేం. మన బడుల్లో మంచి పద్ధతులు చాలావరకు మనుషుల్ని పట్టుకొని నడుస్తాయి. బదిలీ నిబంధనల ప్రకారం హెడ్మాస్టర్ ఒకచోట ఐదేళ్లు, టీచర్ ఎనిమిదేళ్లు నిండితే కదలాల్సిందే. 2024 వేసవిలో జరిగిన పదోన్నతులు, బదిలీలతో ఎన్నో ఊళ్లలో బడి ముఖమే మారిపోయింది. ఒక టీచరు సొంతంగా మొదలుపెట్టిన సాయంత్రపు చదువు, ఒక హెడ్మాస్టరు పట్టుబట్టి నడిపిన లైబ్రరీ గంట వాళ్లతోనే వెళ్లిపోతాయి. ఆపమని ఎవరూ చెప్పి ఉండరు. అది ఉండేదని కొత్తవాళ్లకు చెప్పేవాళ్లే ఉండరు. తల్లిదండ్రుల మెచ్చుకోలు రాతలో ఉంటే ఆ పద్ధతి ఊరి కోరికగా నిలుస్తుంది. ఈ వ్యాసంలో వాదన అదే.

మెచ్చుకోవాలంటే ముందు చూడటం తెలియాలి. ప్రాథమిక బడిలో మొదట చూడాల్సింది చదవడం. తెలుగులో పిల్లలు ఆగిపోయే చోట్లు తెలిసినవే: అక్షరాలు వచ్చి గుణింతాల దగ్గర ఒకసారి, గుణింతాలు వచ్చి ఒత్తుల దగ్గర ఇంకోసారి. 'అమ్మ', 'అక్క' లాంటి ద్విత్వాలు దాటినా 'పుస్తకం', 'విద్యార్థి' లాంటి సంయుక్తాల దగ్గర మళ్లీ తడబాటు. 2022 ఆగస్టులో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లల్ని స్థాయిల వారీగా చూసి చదివించాలని చెబుతుంది. దాన్ని నిజంగా చేసే టీచరు అందరికీ ఒకే పాఠం చెప్పి ఊరుకోరు. ఒత్తుల దగ్గర ఆగిన ఐదారుగురిని విడిగా కూర్చోబెట్టి రోజూ కాసేపు చదివిస్తారు. ఇంటి దగ్గర దీన్ని కనిపెట్టడం సులువు. పాఠ్యపుస్తకంలో ఇంకా చెప్పని పాఠం తెరిచి నాలుగు వరుసలు చదవమనాలి. చెప్పిన పాఠమైతే పిల్లలు కంఠస్థం అప్పజెప్పేస్తారు, మనం చదువు వచ్చిందనుకుంటాం. జూన్‌లో ఒకసారి, దసరా సెలవుల్లో ఒకసారి, సంక్రాంతికి ఒకసారి ఇలా చదివిస్తే తేడా కళ్లకు కడుతుంది. ఆ తేడా వెనక ఎవరి కష్టం ఉందో పిల్లనే అడిగితే చెబుతుంది.

రెండోది హాజరు. మన ప్రాంతంలో అక్టోబర్ నుంచి పత్తి ఏరడం మొదలవుతుంది, జనవరి దాటాక మిర్చి తోటలు పిలుస్తాయి. ఐదు, ఆరు తరగతుల పిల్లలు ముందు వారానికి ఒకరోజు పోతారు, తర్వాత రెండు రోజులు, ఆ తర్వాత బడికి రావడానికే సిగ్గుపడతారు. వరుసగా మూడు రోజులు రాకపోతే ఇంటికి ఫోన్ చేసే టీచరు, ఫోన్ కలవకపోతే పొద్దున్నే తండాకు పోయి తలుపు తట్టే టీచరు ఈ జారుడును మొదట్లోనే ఆపుతున్నారు. ములుగు, భూపాలపల్లి అడవుల్లోని గొత్తికోయ గిరిజనుల గూడేలకు పోయే టీచర్ల సంగతి ఇంకా పెద్దది. అక్కడి పిల్లలకు ఇంటి భాష కోయ, బడి భాష తెలుగు. మొదటి నెలల్లో టీచరు నాలుగు కోయ మాటలు నేర్చుకొని పిలిస్తే తప్ప పిల్ల నోరు విప్పదు. ఈ పని ఏ రిజిస్టర్‌లోనూ కనిపించదు. అక్కడి తల్లిదండ్రులు నోటితో చెప్పినదాన్ని ఎవరో ఒకరు రాస్తేనే అది రికార్డుకు ఎక్కుతుంది.

మూడోది వంటగది. ఇక్కడ కొలతలు తెలిస్తేనే మెచ్చుకోలుకు బలం వస్తుంది. మధ్యాహ్న భోజన నిబంధనల ప్రకారం ప్రాథమిక స్థాయి పిల్లకు రోజుకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20 గ్రాములు, కూరగాయలు 50 గ్రాములు, నూనె 5 గ్రాములు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఇవి 150, 30, 75, ఏడున్నర గ్రాములు. అంటే 60 మంది పిల్లలున్న ప్రాథమిక బడిలో పొద్దున ఆరు కిలోల బియ్యం, కిలో 200 గ్రాముల పప్పు, మూడు కిలోల కూరగాయలు పొయ్యి దగ్గర కనిపించాలి. మన రాష్ట్ర మెనూలో వారానికి మూడు కోడిగుడ్లూ ఉన్నాయి. వడ్డించే ముందు టీచరు రుచి చూసి రిజిస్టర్‌లో రాయాలి. ఈ లెక్క సరిగ్గా నడుస్తుంటే ఆ బడిలో ఎవరో రోజూ నిలబడి చూసుకుంటున్నారని అర్థం. బిల్లులు ఆలస్యమైనప్పుడు కిరాణా కొట్లో అప్పు పెట్టి మరీ కూర చిక్కగా వండే వంట అక్కలు మన ఊళ్లలో ఉన్నారు. బడిలో అందరికన్నా తక్కువ మెచ్చుకోలు అందేది వాళ్లకే. తర్వాత బాత్రూంలు కడిగే మనిషికి. ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

హైస్కూలుకు వస్తే ఒక్క ఉదాహరణ చాలు. ఎనిమిదో తరగతిలో రాసే జాతీయ ఉపకార వేతన పరీక్ష, ఎన్‌ఎంఎంఎస్. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు. నాలుగేళ్లకు 48,000. మూడున్నర లక్షల లోపు ఆదాయమున్న ఇళ్ల పిల్లలు, ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదివేవాళ్లు అర్హులు. మేధాశక్తి పేపరు 90 ప్రశ్నలు, సబ్జెక్టుల పేపరు 90 ప్రశ్నలు. మేధాశక్తి పేపరులోని రీజనింగ్ మామూలు పాఠాల్లో ఉండదు కాబట్టి బడి వేళ దాటాక ఎవరో కూర్చొని చెప్పాలి. పరీక్ష గట్టెక్కాక కూడా డబ్బు ఆగిపోయే చోట్లున్నాయి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, బడి రికార్డులో పొడి అక్షరంగా ఉండటం, బ్యాంకు ఖాతా ఆధార్‌కు కలవకపోవడం, ఏటా చేయాల్సిన రెన్యువల్ గడువు దాటిపోవడం. ఒక బడిలో ఎంపికైన పిల్లలందరికీ డబ్బు పడుతోందంటే దాని వెనక కంప్యూటర్ ముందు గంటలు గంటలు కూర్చున్న ఒక టీచరు తప్పక ఉంటారు.

ఇక రాయడం. తెల్ల కాగితం సగం చాలు. తేదీ, తరగతి, బడి పేరు, ఏ పని జరిగింది, దానివల్ల పిల్లలో ఏం మారింది, ఏది కొనసాగాలి. ఉదాహరణకు ఇలా: 'మా పాప మూడో తరగతి. జూన్‌లో ఒత్తులు వచ్చిన చోట ఆగిపోయేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక మీరు రోజూ పావుగంట విడిగా చదివిస్తున్నారు. ఇప్పుడు కథల పుస్తకం తనే చదువుతోంది. ఈ పావుగంట వచ్చే ఏడు కూడా ఉండాలని కోరుతున్నాం.' ఇందులో పొగడ్త మాట ఒక్కటీ లేదు. ఆ టీచరుకు మాత్రం తన ఏ పని పనిచేసిందో తేటతెల్లంగా తెలుస్తుంది. మూడు ప్రతులు రాసి ఒకటి టీచరుకు, ఒకటి హెడ్మాస్టరుకు, ఒకటి మండల విద్యాధికారికి ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోవాలి. సెప్టెంబర్ 5 పురస్కారాలకు దరఖాస్తు చేసుకునే టీచరుకు ఇలాంటి కాగితం పక్కా ఆధారం కూడా.

రాయడం రానివాళ్లకు దారి మూసుకుపోలేదు. విద్యాహక్కు చట్టం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలంటోంది. 2024లో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో గ్రామ మహిళా సమాఖ్య అధ్యక్షురాలే చైర్‌పర్సన్, హెడ్మాస్టర్ కన్వీనర్. సంఘం మీటింగుల్లో తీర్మానాలు రాయించడం మన ఆడవాళ్లకు కొత్త కాదు. ఒక తల్లి నోటితో చెబితే మినిట్స్ పుస్తకంలో రాయించి, చదివి వినిపించమని అడిగి, సంతకమో వేలిముద్రో పెట్టాలి. రాయించి వినకుండా లేచిపోతే ఆ మాట 'బడి పనితీరు బాగుంది' అనే ఒక్క ముక్కగా మారిపోతుంది. అలాంటి వాక్యం ఎవరికీ పనికిరాదు.

మంచి మనసుతో చేసినా చెడగొట్టేవి ఉన్నాయి. చీరలు, ఉంగరాలు, చందాలు వేసి కొన్న కానుకలు ప్రభుత్వ ఉద్యోగిని ఇబ్బందిలో పెడతాయి, చందా ఇవ్వలేని ఇంటి పిల్లను చిన్నబుచ్చుతాయి. అందరి ముందు ఒక్క టీచరునే ఎత్తి, పక్కనున్నవారిని తగ్గించి మాట్లాడితే స్టాఫ్ రూంలో ఆ టీచరు ఒంటరి అవుతారు. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది మార్కులను మాత్రమే మెచ్చుకోవడం. 2025 నుంచి పదో తరగతి మెమోల్లో మార్కులు కూడా ఇస్తున్నారు. ఫ్లెక్సీల మీద టాపర్ల ఫొటోలు ఇకముందు మరింత పెరుగుతాయి. టాపర్‌నే మెచ్చుకునే ఊరు బడికి ఒక సంకేతం పంపుతోంది: పై పదిమందిని చూసుకుంటే చాలని. పత్తి చేను నుంచి వెనక్కొచ్చి గట్టెక్కిన పిల్లను చదివించిన టీచరుకు ఫ్లెక్సీలో చోటుండదు కాబట్టి కాగితంలోనైనా చోటివ్వాలి.

ప్రైవేటు బడుల సంగతి కొంచెం వేరు. అక్కడ తల్లిదండ్రుల మెచ్చుకోలంతా యాజమాన్యానికే చేరుతుంది. తక్కువ జీతానికి రోజంతా తరగతులు తీసుకునే టీచరు ఏడాది మధ్యలో వెళ్లిపోయినా ఎందుకని అడిగేవాళ్లు తక్కువ. కాబట్టి రాసే కాగితంలో టీచరు పేరు, సబ్జెక్టు, చేసిన పని తప్పనిసరిగా ఉండాలి. అలాంటివి పదిమంది తల్లిదండ్రుల నుంచి వస్తే ఆ టీచరును నిలుపుకోవడం యాజమాన్యానికే అవసరమవుతుంది.

ఇలా మెచ్చుకుంటే నిలదీసే హక్కు పోతుందేమోనని కొందరికి అనుమానం. పోదు. గుడ్లు, పప్పు కొలత ప్రకారం అందుతున్నాయని పోయిన నెల రాసిన తల్లి, ఈ నెల గుడ్డు రెండుసార్లే ఇచ్చారని అడిగితే ఆ మాటను కాదనడం కష్టం. ఆమె చూస్తోందని, లెక్క తెలుసని బడికి ముందే తెలుసు.

పని ఏ నెలలో చేయాలన్నదీ ముఖ్యమే. బదిలీలు సాధారణంగా వేసవిలో ఉంటాయి, ఏప్రిల్ 23 తర్వాత బడి మూతపడుతుంది. మార్చి సమావేశంలోనే ఈ ఏడాది బాగా నడిచిన రెండు మూడు పద్ధతుల్ని పేరుపేరునా తీర్మానంగా రాయించాలి. ఏ వేళకు, ఎన్ని నిమిషాలు, ఎవరు చేశారో అందులో ఉండాలి. జూన్‌లో పిల్లల్ని బడిలో చేర్పించే జయశంకర్ బడిబాట మొదలై కొత్త హెడ్మాస్టర్ ఇంటింటికీ వచ్చినప్పుడు ఆ పేజీ ఫొటో చూపించి, ఈసారి ఏ తేదీ నుంచి మొదలుపెడతారని అడగాలి.