'గుర్తుపట్టారా?' గారికి ఒక తిరుపతి ఇల్లాలి లేఖ

అయ్యా 'గుర్తుపట్టారా?' గారూ,

నమస్కారం. నేను తిరుపతిలో కపిలతీర్థం వెళ్ళే దారిలో కాపురముంటున్న ఇల్లాలిని. మీరు మా ఇంటికి తరచుగా వస్తుంటారు, ముఖ్యంగా వేసవి సెలవుల్లోనూ బ్రహ్మోత్సవాలప్పుడూ. ముందుగా నేనెవరో చెప్పుకున్నాను, గమనించారా? ఎదుటి మనిషిని గుమ్మంలో నిలబెట్టి పరీక్ష పెట్టకుండా కూడా మాట మొదలుపెట్టవచ్చని మీకు తెలియజేద్దామని.

తిరుపతిలో ఇల్లున్నవారికి చుట్టాల కరువు ఉండదు. దర్శనానికి ముందు స్నానానికి కొందరు, దర్శనం తర్వాత నడుం వాల్చడానికి కొందరు, రాత్రి రైలు దాకా పొద్దుపుచ్చడానికి కొందరు. వాళ్ళ రాక గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. వాళ్ళ చేతిలో లడ్డూ ఉంటుంది, నా పొయ్యి మీద సాంబారు ఉంటుంది, లెక్క సరిపోతుంది. గొడవంతా వాళ్ళకంటే ముందు గడప దాటే మీతోనే.

వచ్చినవాళ్ళు సంచి కింద పెట్టరు, చెప్పులు విడవరు. నవ్వుతూ నిలబడి 'గుర్తుపట్టారా?' అంటూ మిమ్మల్ని నా మీదికి వదులుతారు. ఆ ముఖం నాకు తెలుసు. ఎడమ చెవి కిందున్న పుట్టుమచ్చ తెలుసు. ఏదో పెళ్ళిలో విస్తరి ముందు కూర్చుని "పప్పులో ఉప్పు పడలేదే" అన్న ఆ గొంతు తెలుసు. పేరు 'స'తో మొదలవుతుందనీ మూడక్షరాలేననీ తెలుసు. సుబ్బయ్యా? సాంబయ్యా? ఒక్కసారి సుబ్బయ్య అనుకున్నానా, ఇక ఆ సుబ్బయ్య దారికడ్డంగా కూర్చుంటాడు, అసలువాణ్ణి రానివ్వడు. రాత్రి గిన్నెలు కడిగేవేళకు 'సిద్ధయ్య' తనంతట తానే తీరిగ్గా వస్తాడు. అప్పటికి ఆయన రైలు గూడూరు దాటి ఉంటుంది.

మీ పుణ్యమా అని ఈ విషయం మీద దొరికినవన్నీ చదివాను. 1966లో రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ అనే ఇద్దరు పరిశోధకులు అరుదైన మాటల అర్థాలు చదివి వినిపించి, ఆ మాటేమిటో చెప్పమని విద్యార్థులను అడిగారు. మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయినవాళ్ళు చాలాసార్లు దాని మొదటి అక్షరాన్నీ, అది ఎన్ని పలుకుల మాటో కూడా సరిగ్గానే చెప్పగలిగారట. కాబట్టి సరుకు లోపల భద్రంగానే ఉంది. బయటికి వచ్చే దారే దొరకడం లేదు.

దాచడం వేరు, తీయడం వేరు. ఈ సంగతి ఎవరికి తెలియకపోయినా తిరుపతివాళ్ళకు తెలిసి ఉండాలి. తాళ్ళపాక అన్నమాచార్యులు 1408లో పుట్టి 1503 దాకా ఉన్నారు. ఆయన ముప్ఫైరెండు వేల సంకీర్తనలు రచించారని మనవడు చిన్నన్న రాశాడు. వాటిని రాగిరేకుల మీద చెక్కించి, సాక్షాత్తు తిరుమల గుడిలోనే, హుండీకి ఎదురుగా ఉన్న గదిలో పెట్టారు. అంతకంటే భద్రమైన చోటు ఎక్కడుంటుంది? తరతరాల భక్తులు ఆ గది ముందు నిలబడి ముడుపులు చెల్లించి, దండం పెట్టుకుని వెళ్ళిపోయారు. రేకులు అక్కడే ఉన్నాయి, ఉన్నాయన్న ధ్యాస లేదు. అవి వెలుగు చూసేసరికి ఇరవయ్యో శతాబ్దం వచ్చింది. వచ్చినవి చూస్తే, చిన్నన్న చెప్పిన లెక్కలో సగం కూడా లేవు. ఉన్నవాటి మీద రాగం పేరుంది గానీ స్వరం లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు వాటికి కొత్తగా బాణీలు కట్టారు. మాట అప్పటిది, పాట ఇప్పటిది. మనం విని కళ్ళు మూసుకుని తల ఊపుతూ మొత్తం అన్నమయ్యదే అనుకుంటాం.

తలలో జరిగేదీ ఇదేనని ఫ్రెడెరిక్ బార్ట్‌లెట్ అనే ఆయన 1932లోనే చెప్పారు. గుర్తుచేసుకున్న ప్రతిసారీ మనిషి మిగిలిన కొద్దిపాటి ఆనవాళ్ళ మీద కథను మళ్ళీ అల్లుకుంటాడట. సరే, అల్లుతాను. దారం ఇచ్చి అడగండి. మీరు దారం దాచిపెట్టి చీర నేయమంటారు!

ఇక గుండు సంగతి. అంతగా పరిచయం లేని ముఖాలను మనం జుట్టు, తల ఆకారం వంటి పై గుర్తులతో పోల్చుకుంటాం. బాగా తెలిసినవారినైతే కళ్ళు, ముక్కు, నోరు చూసి పట్టేస్తాం. అందుకే మావారు గుండుతో దిగినా ఆయన మావారేనని నాకు తెలిసిపోతుంది. ఆయన మేనత్త మరిది కొడుకు మాత్రం పొద్దున ఉంగరాల జుట్టుతో కాఫీ తాగి కొండెక్కి, సాయంత్రం నున్నటి తల మీద చందనంతో వచ్చి 'గుర్తుపట్టారా?' అంటే, మధ్యాహ్నం దాకా ఉన్న గుర్తు కల్యాణకట్టలోనే రాలిపోయింది నాయనా అని ఎలా చెప్పను?

మేనత్త మరిది కొడుకు అన్నాను కదా, దాని గురించి కూడా ఒక మాట. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థం లేని అక్షరాల ముక్కలు తయారుచేసి, తానే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో లెక్కగట్టి 1885లో పుస్తకం వేశాడు. గంట తిరిగేసరికి సగానికి పైగా పోయింది. పాపం అంత కష్టపడి అర్థం లేని ముక్కలు తయారుచేసుకోవడం దేనికి? మా ఇంటికి వస్తే "పెద్దమ్మ తోడికోడలి తమ్ముడి వియ్యంకుడు" లాంటివి కావలసినన్ని ఇచ్చేదాన్ని.

పేరొక్కటే పట్టుకుని వేలాడకండి, వృత్తి చెప్పండి. 1987లో బ్రిటన్ పరిశోధకులు కొన్ని ముఖాలు చూపించి, ఒకాయన ఇంటిపేరు బేకర్ అనీ మరొకాయన వృత్తి బేకర్, అంటే రొట్టెలు కాల్చడం, అనీ ఈ పద్ధతిలో చెప్పారు. మాట ఒక్కటే అయినా, వృత్తిగా విన్నప్పుడు గుర్తున్నంతగా పేరుగా విన్నప్పుడు గుర్తులేదు. వృత్తి వెంట పొయ్యి, పిండి, వాసన వస్తాయి, పేరు వెంట ఏమీ రాదు. "మదనపల్లెలో టమాటా మండీ ఆయన" అనండి చాలు. ఆయన కూతురి పెళ్ళి, ఆ పెళ్ళిలో వాన, కూలిన పందిరి అన్నీ కట్టగట్టుకుని వచ్చేస్తాయి.

చోటు చెప్పినా సంతోషమే. 1975లో గాడెన్, బాడెలీ అనేవారు ఈతగాళ్ళ చేత నీళ్ళ అడుగున కొన్ని మాటలు, ఒడ్డున కొన్ని మాటలు నేర్పించి చూశారు. నీళ్ళలో నేర్చినవి నీళ్ళలోనూ, ఒడ్డున నేర్చినవి ఒడ్డునా బాగా గుర్తొచ్చాయి. నేను సిద్ధయ్యగారిని చూసింది పెళ్ళిపందిట్లో. మా గుమ్మంలో గుర్తురావాలంటే మేళం పిలిపించి ఆయనకు మళ్ళీ పెళ్ళి చేయమంటారా?

ఇవన్నీ ఓర్చుకుంటాను. ఓర్చుకోలేనిది మీ తమ్ముడు 'గుర్తులేదా?' చేసే పని. "గోవిందరాజస్వామి గుడి ముందు మీరే కదా నాకు బూర కొనిపెట్టారు, గుర్తులేదా?" అంటాడు. లేదంటే బాధపడతారని ఊఁ అంటాను. మరుసటి ఏడు మళ్ళీ అదే కథ. మూడో ఏటికి ఆ బూర ఎర్రదని నేనే చెబుతాను! 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే పరిశోధకులు కార్ల ప్రమాదం ఫిల్ము చూపించి, కొందరిని కార్లు తగులుకున్నప్పుడు వేగమెంత అనీ, కొందరిని గుద్దుకుని నుజ్జయినప్పుడు వేగమెంత అనీ అడిగారు. వారం తర్వాత పగిలిన అద్దం చూశారా అంటే, నుజ్జు అన్న మాట విన్నవాళ్ళలోనే ఎక్కువమంది చూశామన్నారు. ఫిల్ములో పగిలిన అద్దమే లేదు. నేను బూర కొన్నానో లేదో ఇక ఆ గోవిందరాజస్వామికే తెలియాలి.

కాబట్టి అయ్యా, మీ స్థానంలో పేరు, ఊరు, ఎవరి పెళ్ళిలో కలిశామో ఆ మూడు మాటలను పంపండి. అందుకు మీరు ఒప్పుకునేదాకా నేనూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరైనా 'గుర్తుపట్టారా?' అంటే, "మరి మీరు నన్ను గుర్తుపట్టారా?" అని తిరిగి అడుగుతున్నాను. మొన్న శ్రావణంలో ఒకాయనకు ఈ ప్రశ్న వేయడం కాస్త ఆలస్యమైంది. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "అదేమిటండీ, మీరు జయమ్మగారు కదూ?" అన్నారు. జయమ్మగారిది వెనక వీధి. అప్పటికే ఆయన స్నానం, టిఫిను రెండూ మా ఇంట్లో అయిపోయాయి.

ఇట్లు,
జయమ్మగారు కాని ఇల్లాలు,
తిరుపతి.