దోత్తిర్ అంటే డాక్టర్ కాదు స్వామీ

ఆదివారం నుంచి ఇప్పటికి పదకొండు మంది పంపారు నాకు ఆ మెసేజ్. పైన జోకర్ బొమ్మ, కింద చెల్లో (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది) పట్టుకున్న ఒకావిడ, చివర్లో మూడు దండాలు, 'మీ పిల్లలకు తప్పక చూపించండి' అని. సంగతేమంటే, ఐస్లాండ్‌కు చెందిన డాక్టర్ హిల్డుర్ మెడికల్ సీటు వదిలేసి, ఏ గురువు దగ్గరా నేర్చుకోకుండా, మొదటి సినిమా 'జోకర్'కే ఆస్కార్ కొట్టిందట. సంగీతానికి ఆస్కార్ అందుకున్న తొలి మహిళట. 'చెర్నోబిల్' సిరీస్‌కయితే ఒక్క వాయిద్యం కూడా వాడలేదట, అణు కేంద్రం శబ్దాలతోనే లాగించేసిందట.

పది మంది దాకా ఊరుకున్నాను. పదకొండో ఆయన తిరుపతి బైరాగిపట్టెడలో నా దగ్గర వయొలిన్ నేర్చుకునే పిల్లవాడి నాన్న. మెసేజ్ కింద వాయిస్ కూడా పెట్టాడు, "సారూ, ఈ సరళీలు, జంటలు ఎందుకు, మావాడికి డైరెక్టుగా కంపోజింగ్ చెప్పేయండి" అని. సరళీలు, జంటలంటే సంగీతంలో మొట్టమొదటి పాఠాలు. ఆ పిల్లవాడికి వయొలిన్ వాయించే కమాను వంకర పోకుండా లాగడం వచ్చి మూడు వారాలు కాలేదు.

డాక్టర్ ముచ్చట ముందు తేల్చేద్దాం. ఆవిడ పేరు హిల్డుర్ గుడ్నాదోత్తిర్. దోత్తిర్ అంటే కూతురు. గుడ్ని అనే ఆయన కూతురు, అంతే. అక్కడ చాలామందికి మనలాగా ఇంటిపేరు ఉండదు, నాన్న పేరే వెనక తగిలిస్తారు. ఈ లెక్కన ఐస్లాండ్‌లో ఆడవాళ్లంతా డాక్టర్లే, ఇంక అక్కడ పేషెంట్లు ఎవరో.

తొలి మహిళ? కాదు. 1997లో రేచల్ పోర్ట్‌మన్‌కు, 1998లో ఆన్ డడ్లీకి సంగీతానికి ఆస్కార్లు వచ్చాయి. అప్పట్లో కామెడీ, మ్యూజికల్ సినిమాలకు వేరే విభాగం ఉండేది, దాంట్లో. రెండు విభాగాలూ కలిపేశాక గెలిచిన మొదటి మహిళ హిల్డుర్, 2020లో. అది చిన్న సంగతేం కాదు, ఉన్నది ఉన్నట్టు రాస్తే వేళ్లు అరిగిపోతాయా?

ఇక ఆ 'ఏ గురువు దగ్గరా నేర్చుకోకుండా' అనే ముక్క. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. వాళ్ల నాన్న క్లారినెట్ విద్వాంసుడు, అమ్మ ఒపెరా గాయని. ఐదేళ్లకే చెల్లో చేతికిచ్చారు. రేక్యావిక్‌లో చదివింది, తర్వాత బెర్లిన్ వెళ్లి అక్కడి కళల విశ్వవిద్యాలయంలో చదివింది. మూమ్ లాంటి బ్యాండ్లతో ఊళ్లు తిరిగి వాయించింది. 2006లో తొలి సోలో ఆల్బమ్, వాయిద్యాలన్నీ తనే. 2012లో ఇంకో ఆల్బమ్ చేసింది, చెల్లో వాయిస్తూ, పాడుతూ, లైవ్‌గా రికార్డు చేసి తర్వాత ఎక్కడా దిద్దకుండా వదిలేసింది. మహతి ఆడిటోరియంలో మైకు ముందు ఒక్క వర్ణం తప్పుల్లేకుండా వాయించమంటే నాకే టెన్షన్, ముప్ఫై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నవాడిని. మొదటి సినిమా 'జోకర్' కూడా కాదు, 2012లోనే ఓ డేనిష్ సినిమాకు చేసింది. అంటే చెల్లో పట్టిన రోజు నుంచి ఆ ఆస్కార్ దాకా ముప్ఫై రెండేళ్లు. సరళీలు ఆపేసిన ఏడాది ఏదో ఆ మెసేజ్ రాసిన మహానుభావుడే చెప్పాలి.

'జోకర్' పని జరిగిన తీరు కూడా అదే చెబుతుంది. షూటింగ్‌కు ముందే దర్శకుడు స్క్రిప్టు పంపితే, ఆవిడ చదివి చెల్లో ఒళ్లోకి తీసుకుని, ఆ మనిషి మనసుకు తగిన స్వరం దొరికేదాకా తడుముకుంది. అలా పుట్టిన సంగీతాన్ని సెట్లో వినిపిస్తే, దానికే హీరో ఆ బాత్రూమ్‌లో నెమ్మదిగా ఆడాడు. మీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకునే డాన్సు అదే. తడుముకున్నా చేతికి తగలాలంటే ముందు వేళ్లలో ఏదో ఉండాలి కదా!

చెర్నోబిల్ దగ్గర మాత్రం నేనే తప్పు. అదీ కోతే అని నా పాత శిష్యుడితో దోసెల పందెం కట్టాను, ఓడిపోయాను. నిజంగానే లిథువేనియాలో మూసేసిన ఇగ్నాలినా అణు కేంద్రంలోకి రక్షణ దుస్తులు వేసుకుని వెళ్లి, అక్కడి చప్పుళ్లు రికార్డు చేసుకొచ్చి, వాటికి తన గొంతు కలిపి కట్టింది ఆ సంగీతమంతా. ఆ గదుల్లో శబ్దం ఎలా మార్మోగుతుందో కూడా పట్టుకొచ్చారు, గొంతు అక్కడే పాడినట్టు వినపడడానికి. రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ఏది ఆవిడ గొంతో, ఏది యంత్రమో నా చెవికే తెలియలేదు. ఉదయం లేచాక మా మోటారు ఏ శ్రుతిలో మోగుతోందో వినాలని బోరు దగ్గర కాసేపు నిలబడ్డాను, మా ఆవిడ వింతగా చూసింది.

పిల్లవాడి నాన్నకు ఇదంతా టైపు చేసి, చెరిపేసి, చివరికి ఇంతే పంపాను: "మంగళవారం ఐదున్నరకు పంపండి. వాడి కమానుకు రాసే రోజిన్ బిళ్ల విరిగిపోయింది, కొత్తది కొనివ్వండి. జంటల తర్వాత పాఠాలు, అలంకారాలు, మొదలుపెడతాం."